బ్యాంకోల మిషను

నేను ఒక విస్తళ్ల ప్రెస్సుని. కుట్టిన అడ్డాకుల్ని నా వేడి అచ్చుల మధ్య పెట్టి నొక్కితే అంచు లేచిన గట్టి ప్లేటు బయటికొస్తుంది. రాజమండ్రి దగ్గర ఒక షెడ్డులో పుట్టాను, సాలూరు దగ్గర పల్లెలో గురాన సన్యాసమ్మ ఇంటికి కాపురానికొచ్చాను.

నన్ను కొన్నది సర్కారు బ్యాంకు ఇచ్చిన అప్పుతో. ఆ డబ్బు పెన్షన్లు దాచుకున్న మాస్టార్లది, కూరలమ్ముకునే వాళ్లది. వాళ్లెవరూ సన్యాసమ్మ మొహం చూసి ఎరగరు. అయినా వాళ్ల డబ్బు ఇనుమై, నేనై, సెంటు భూమి లేని ఆ మనిషి వసారాలోకి నడిచొచ్చింది. ఇంత వింత ఎలా జరిగిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వచ్చిన రోజే పెయింటరు నా నుదుటి మీద 'బ్యాంకు వారికి తాకట్టు' అని ఎర్రగా రాశాడు. నా కంటే ఆ అక్షరాలే పెద్దవి. మనుషులకు నమ్మకం ఉన్నా రంగు పూస్తే గాని నిద్ర పట్టదు కాబోలు.

అంతకు ముందు సన్యాసమ్మకు షావుకారు ఆకు అరువిచ్చేవాడు, విస్తళ్లు తనకు తోచిన ధరకు తీసుకుపోయేవాడు. నేనొచ్చాక ఆ గుమ్మం తొక్కడం తగ్గింది. కొండ మీది ఆడవాళ్లు ఆకు దించే రోజుల్లో చేతిలో రొక్కం ఉంటే పూర్తిగా మానేయవచ్చు. అందుకే ఆకు కొనడానికి మరో అప్పు అడిగింది. అది రాకపోతే మళ్లీ షావుకారే గతి.

ఆ అప్పు విచారణకు, తెనాలి నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన బ్యాంకు ఆఫీసరు ఫణికుమార్ చెప్పాపెట్టకుండా దిగాడు. నా అచ్చు మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. పక్కనే సన్యాసమ్మ నేల మీద కూర్చుని ఈనె పుల్లలతో విస్తళ్లు కుడుతోంది. ఒక్కటీ నా దాకా రాలేదు.

"మిషను మూలపడేశారా? ఇలాగైతే కొత్త అప్పు కష్టమమ్మా," అన్నాడు.

నాకు నోరుంటే అరిచేదాన్ని.

"నిన్నటిదాకా ఆడింది బాబూ. రేపు మా మామ సంవత్సరీకం. ఇవి ఇంటికి ఇస్తర్లు."

"అయితే మిషను మీద వేసుకోవచ్చుగా?"

"అది బ్యాంకోలది కదండి బాబూ. రాసీసి ఉంది. మీ మిషను మీద మా ఇంటి పని సేసీసుకుంటే తప్పు కాదేటి?"

అతను నా నుదుటి మీది ఎర్ర అక్షరాలు చదివాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "తాకట్టు మాత్రమే మాకమ్మా. మిషను మీదే. ఆకు డబ్బు సోమవారానికి వస్తుంది."

"నిజిమేనా బాబూ?" అని మళ్లీ మళ్లీ అడిగి, భయపడుతూనే నన్ను వేడెక్కించింది. మర్నాడు చుట్టాలు నేను నొక్కిన ప్లేట్లలోనే భోంచేశారు.

ఆ నెల ఆమె కిస్తీ కంటే ఎక్కువ కట్టింది. ఎందుకని మొగుడు అడిగితే, "మన ఇంటికి ఏసుకున్న ప్లేట్ల కరీదు. ఆ బాబు మంచోడు కాబట్టి మనదే అన్నాడు. అప్పు తీరీదాకా మనం కూడా కొనుక్కోవాల గదా," అంది.

అప్పు తీరి ఏళ్లయింది. ఇప్పుడు వసారాలో రెండు కొత్త ప్రెస్సులు ఆడుతున్నాయి, నేను పెరట్లో రేకుల కింద తుప్పు పడుతున్నాను. లోకంలో ఏం చూశావని ఎవరైనా అడిగితే, సన్యాసమ్మ మొగుడితో అన్న ఆ మాట విన్నానని చెబుతాను.