ఉతకని తొమ్మిదో నంబరు జెర్సీ

రాయకోటలో లక్ష్మణప్ప వారానికి రెండు పాత జెర్సీలు ఉతికి ఆరేస్తాడు. ఒకప్పుడు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆయన గోల్‌కీపరు. మ్యాచ్ అయ్యాక పదకొండు మంది జెర్సీలూ ఉతకడానికి ఆయన ఇంటికే వచ్చేవి. ఆట ఆగిపోయాక అవి అక్కడే ఉండిపోయాయి. తడి జెర్సీ ఆరేదాకా, దాన్ని వేసుకుని ఆడిన మ్యాచ్‌లో జనం పెట్టిన కేకలు అందులోంచి వినిపిస్తాయి. వీధిలో అదేమీ వింత కాదు.

"పాప పడుకోనుంది. ఈ పొద్దు ధర్మపురి మ్యాచ్ ఆరెయ్యొద్దప్పా, విజిల్స్ జాస్తి" అని పక్కింటి రక్షిత గోడ మీంచి చెబుతుంది. ఆయన ఇంకొకటి నానబెడతాడు.

ఆ సోమవారం మాత్రం లక్ష్మణప్ప ఒళ్ళు మండిపోతోంది. గ్రౌండును లారీల షెడ్డుకు ఇచ్చేస్తున్నారు. అడ్డుపడాల్సిన, పేరుకు మిగిలిన క్లబ్బు ప్రెసిడెంటు కేశవప్పే అర్జీలో రాసిచ్చాడు: ఈ నేలలో ఎన్నడూ జనం చేరి ఆట చూసింది లేదు, ఊరికే పడి ఉంది అని. ఆ మధ్యాహ్నం సర్వేయరు వచ్చి, చూసి, ఔనని రాస్తే గ్రౌండు పోయినట్టే.

"జనం లేరంట! రైల్వే గేటు దాకా నిలబడలేదా జనం? తొమ్మిదో నంబరు ఏసుకోని ఆడినోడే ఇట్లా రాసిస్తే ఇంకెవర్ని అనేది? సిగ్గుండొద్దా?" అని భార్య మంజులమ్మ మీద అరిచాడు.

"ఆ యప్ప గ్రౌండు మొగం చూసి ముప్పై ఏండ్లాయ గదా."

"ఎట్లా చూస్తాడే? ఫైనల్లో పెనాల్టీ పోగొట్టి, జెర్సీ ఇప్పి పారేసి పోయినాడు. ఊరంతా తిట్టింది. ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటాండాడు."

ఆ జెర్సీ ఒక్కటే లక్ష్మణప్ప ఇన్నేళ్ళలో ఉతకలేదు. కోపంకొద్దీ మట్టితోనే ట్రంకుపెట్టె అడుగున పడేశాడు. పసుపు బట్ట, నల్ల కాలరు, వీపున మంజులమ్మ తన ఎర్ర రవికగుడ్డ కత్తిరించి కుట్టిన తొమ్మిది. ఇప్పుడు దాన్ని తీసి బకెట్లో ముంచాడు.

"ఊరు తిట్టిన తిట్లన్నీ ఆ సర్వేయరమ్మ ముందరే వినిపిస్తా. జనం ఉండిందీ తేలిపోతుంది, వాని పరువూ పోతుంది" అని బకెట్టు ఎత్తుకుని బయలుదేరాడు.

గ్రౌండులో సర్వేయరు పూర్ణిమ టేపు పట్టి కొలుస్తోంది. కేశవప్ప ఫైలుతో పక్కన నిలబడ్డాడు. లక్ష్మణప్ప ఎవరితోనూ మాట్లాడకుండా తుప్పు పట్టిన గోల్‌పోస్టు అడ్డకమ్మీ మీద జెర్సీ ఆరేశాడు.

నీళ్ళు కారుతుండగానే హోరు మొదలైంది. శనక్కాయలు అమ్మేవాడి అరుపు, ఈలలు, వందల గొంతులతో "కేశవా! కేశవా!" పూర్ణిమ టేపు కిందపెట్టి, "ఇంతమంది వస్తా ఉండిరా!" అంది. బంతిని తన్నిన చప్పుడు వినిపించింది. తర్వాత అంతా నిశ్శబ్దం. ఇక తిట్లు మొదలవుతాయని లక్ష్మణప్ప కేశవప్ప ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"పోనీలేప్పా, వచ్చే ఏడు కొడదాము!" అంది ఎవరిదో ముసలి గొంతు. వెంటనే చప్పట్లు. గ్రౌండు చుట్టూ చప్పట్లే.

తిట్టింది ఒకే ఒక గొంతు. అందరికంటే దగ్గరగా, చెవిలో పడినట్టు: "పోరా దరిద్రుడా! మళ్ళా ఈ గ్రౌండులో అడుగు పెడితే కాళ్ళిరగ్గొడతా!"

ఆ గొంతు లక్ష్మణప్పది.

"నాకు ఆ పొద్దు ఇది ఒకటే వినబడిందప్పా" అన్నాడు కేశవప్ప మెల్లగా. ఫైలులోంచి అర్జీ తీసి నాలుగు ముక్కలు చేశాడు. "నేను అబద్ధం రాసినాను మేడం. జనం వచ్చినారు. చూసింది చూసినట్టే రాసుకోండి."

లక్ష్మణప్పకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళుగా ఊరి మీద వేసిన తిట్టు తనదేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ జెర్సీని లాగెయ్యాలని చెయ్యి చాపాడు.

జెర్సీలోంచి ఒక ఆడమనిషి గొంతు వస్తోంది. "ఏడవొద్దు నాయినా, ఈడికి రా, నా దగ్గరికి రా" అంటోంది.

కేశవప్ప ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీప్పా, ఇంకా ఆరలేదు. మాయమ్మ మాట్లాడతా ఉంది."