మాట పూర్తవకుండా ఆరిపోయే లాప్‌టాప్

నోరున్న మనిషినని నాకు చిన్నప్పటినుంచీ పేరు. మాటకి మాట అప్పజెప్పకపోతే తిన్నది అరిగేది కాదు. అలాంటిదాన్ని పక్షవాతం వచ్చి పడేసింది. కాలు కొంచెం కొంచెంగా దారికొస్తోంది, కుడి చెయ్యి ఇంకా ఆలోచిస్తోంది, నాలుక మాత్రం పూర్తిగా మొండికేసింది. మాటలన్నీ లోపల ఎక్కడివక్కడే ఉన్నాయి. బయటికి వచ్చేది మాత్రం "బ", "మ", అంతే.

మా తమ్ముడు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. వాడు తన పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసి తెచ్చిచ్చాడు. ఎడమచేతి వేలితో నేను టైపు చేస్తే అది పైకి చదువుతుంది. గొంతు మగగొంతు, అదీ ముక్కుతో. ఏదో ఒక గొంతు, ఇప్పటికి చాలనుకున్నాను. 'నువ్వు' కంటే 'మీరు'కి తక్కువ మీటలు నొక్కాలి కాబట్టి మా ఆయనకి దక్కాల్సిన మర్యాద కూడా దక్కుతోంది.

చిక్కల్లా ఒకటే. నిమిషంపాటు తాకకపోతే స్క్రీన్ ఆరిపోతుంది, వెలిగించబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్షరం వెతుక్కోవాలి, ఎదుటివాళ్ళు చెప్పేది వినాలి, ఆలోచించాలి. నాకు నిమిషం ఏ మూలకి? ఒకరోజు ఎదురింటావిడ వచ్చి కొత్త కర్టెన్ గుడ్డ చూపించి ఎలా ఉందని అడిగింది. నేను తంటాలుపడి జవాబు రాసేసరికి ఆవిడ తన అల్లుడి మోకాలి ఆపరేషన్ గురించి చెబుతోంది. "అస్సలు బాగాలేదు, ఎవరికైనా ఇచ్చేయండి" అంది లాప్‌టాప్. ఆవిడ వారం రోజులు మా గడప తొక్కలేదు.

బ్యాటరీ పేరుకే ఉంది, ప్లగ్గు పీకితే లాప్‌టాప్ ప్రాణం పోతుంది. మంచం దగ్గరనుంచి ముందుగదిలోకి మార్చినప్పుడల్లా ఆపి, మళ్ళీ ఆన్ చేయాల్సిందే. మా ఆయన సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'ఎప్పటికీ ఆరవద్దు' అని పెట్టేవాడు. అది బుద్ధిగా సరేనని, ఆపి ఆన్ చేయగానే మళ్ళీ నిమిషం దగ్గరికి వచ్చేసేది. పెట్టి పెట్టి ఆయనకి విసుగొచ్చింది. "పోనీలే, నేను లేనూ? నీ మనసులో ఏముందో నాకు తెలీదా?" అని ఊరుకున్నాడు.

నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇదివరకు ఇంట్లో మాట్లాడే బాధ్యత నాది, తలూపే బాధ్యత ఆయనది. సాయంత్రం డ్యూటీ దిగొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నప్పుడు మాత్రం ఆయనకి మాటలొచ్చేవి. బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారు, ఏ పెద్దాయన తన స్టాపు దాటిపోయాక నిద్రలేచాడు, అన్నీ చెప్పేవాడు. ఆ కబుర్ల కోసం నేను మధ్యాహ్నం నుంచే వీధి వైపు చెవి పెట్టుకుని ఉండేదాన్ని.

నేను పడిపోయాక ఆయన సెలవు పెట్టాడు. మందులు, స్నానం, వ్యాయామం అన్నీ ఆయనే. చేతులు దులుపుకున్నది ఒక్కసారి కూడా లేదు, అది కాదనను. కానీ ఇంట్లో నిశ్శబ్దం భరించలేక తనే మాట్లాడడం మొదలుపెట్టాడు. నా వంతు కూడా తనే. నేను రెండు మాటలు కొట్టేసరికి స్క్రీన్ ఆరేది, స్క్రీన్ ఆరితే నా మాట అయిపోయినట్టు ఆయన లెక్క. మిగతాది ఆయన పూరించేవాడు. నేను కిటికీ అంటే తెరిచేవాడు. మూసెయ్యమనబోయానని ఎవరికి తెలుసు!

కిటికీతో పోతే బాధ లేదు. సెలవు అయిపోవచ్చింది. సోమవారం డిపోకి వెళ్ళి ఉద్యోగం మానేస్తున్నట్టు రాసిచ్చేస్తానన్నాడు. స్టీరింగ్ పట్టుకోకపోతే ఆయన ఆయన కాడు. తల అడ్డంగా ఊపాను.

"నా కోసం నువ్వలాగే అంటావు. నీ మనసు నాకు తెలీదూ?" అన్నాడు.

'మీ ఉద్యోగం' అని కొట్టాను. తర్వాతి మాట ఎలా పెడితే నొచ్చుకోడో అని ఆలోచించేలోపు స్క్రీన్ ఆరిపోయింది.

"తెలుసు, మానేస్తున్నా కదా, బెంగపెట్టుకోకు" అని నా భుజం తట్టాడు. కోపంతో నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన వాటిని సంతోషం కింద జమకట్టి, తువ్వాలుతో తుడిచాడు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. నాకూ వినబడాలని మా ఆయన స్పీకరు పెట్టాడు. నేను లాప్‌టాప్ మీద అరచేత్తో దబదబా బాది "బ, బ, బ" అని గోల పెట్టాను. మా ఆయనకి ఈసారి వేరే అర్థం తీసే వీలు దొరకలేదు.

"మీ అక్కకి దీంతో పడట్లేదురా. ఏం పెట్టినా ఆపి ఆన్ చేసేసరికి లాప్‌టాప్ మర్చిపోతోంది."

"సేవ్ అయ్యే ఉండాలే బావా. నువ్వు సరిగ్గా నొక్కుతున్నావా?"

"ఇన్నేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నాకు బటన్ నొక్కడం నేర్పుతావట్రా?"

"బస్సులో హారన్ తప్ప ఏం నొక్కుతావు నువ్వు?"

కాసేపు ఇదే వరస. తర్వాత తమ్ముడు ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిపించి, ఒక లైను కొట్టమని, వచ్చింది చదవమన్నాడు. మా ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. "రూట్... రూట్... ఇదేమిట్రా, అన్నిచోట్లా ఇదే ఉంది?"

తమ్ముడికి సంగతి వెలిగింది. "బావా, మొదటిరోజు కరెంటు మిగులుతుందని నిమిషం పెట్టమన్నా చూడు. అప్పుడు ముందు సుడో అని కొట్టావా?"

"కొట్టా. సుడో అంటే పూర్తి అధికారం అని నువ్వే కదా అన్నావు? మీ అక్కది కదా, గట్టిగా అతుక్కోవాలని అధికారంతోనే తెరిచా."

"అతుక్కుంది! నువ్వు అధికారంతో తెరిచేసరికి ఆ సెట్టింగ్స్ ఫోల్డరు మొత్తం రూట్ అనే మిషన్ పెద్దమనిషి పేరు మీదకి పోయింది. అక్క చదవగలదు, మార్చి దాచుకోలేదు. సొంతింట్లో అద్దెకున్నట్టుంది అక్క పని."

నేను నవ్వాను. పక్షవాతం నవ్వు సగం మొహంలోనే ఉంటుంది, అయినా గట్టిగానే నవ్వాను. మా ఆయన నవ్వలేదు. ప్రేమకొద్దీ చేసిన పని ఇలా తిరగబడిందని మొహం చిన్నబుచ్చుకున్నాడు. జాలేసింది.

తమ్ముడు ఒక్కో అక్షరం చెప్పాడు, ఈయన ఒక్కో అక్షరం కొట్టాడు. ఫోల్డరు నా పేరు మీదకి వచ్చింది. 'ఎప్పటికీ ఆరవద్దు' అని పెట్టారు. పాస్‌వర్డ్ అడగడం కూడా తీసేశారు. అప్పుడు మా ఆయన లాప్‌టాప్ ఆపి, ప్లగ్గు పీకి, ముందుగదిలోకి తీసుకెళ్ళి ఆన్ చేశాడు. సెట్టింగ్స్ తెరిచి చూశాడు. పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఉందిరా!" అని ఫోన్లో అరిచి పెట్టేశాడు.

నన్ను తెచ్చి దాని ముందు కూర్చోబెట్టాడు. వేలు ఆనించాను. 'మీ ఉద్యోగం' అని కొట్టాను.

"చెప్పాను కదోయ్, రేపే వెళ్ళి..."

ఎడమచెయ్యి ఎత్తి ఆగమన్నాను. ఆగాడు. అలవాటు లేక ఇబ్బందిగా కదిలాడు, టేబుల్ గుడ్డ సర్దాడు, స్క్రీన్ వైపు చూశాడు. అది ఆరలేదు. నేను తాపీగా రాశాను, తప్పుపోయిన చోట తుడిచి మళ్ళీ రాశాను. ఇన్నాళ్ళకి నా మాట చివరిదాకా నాదే అయింది.

"మీ ఉద్యోగం మానొద్దు. పగలు ఆయాని పెట్టండి. నాకు నర్సు కాదు, మొగుడు కావాలి. రోజంతా ఎదురుగా ఉంటే నేను ఎవరికోసం ఎదురుచూడాలి? సాయంత్రం మీరు వచ్చి బస్సు కబుర్లు చెప్పాలి."

ఆయన నేల చూస్తూ అన్నాడు: "నువ్వు పడిపోయినప్పుడు నేను బస్సులో ఉన్నా. ఫోన్ ఆపి ఉంది. నువ్వు నేలమీద ఎంతసేపు... మళ్ళీ అలా అయితే?"

ఇదన్నమాట సంగతి. నా మనసంతా తెలుసని చెప్పుకునే ఈ మనిషి మనసులో ఇది కుళ్ళుతోందని నాకూ తెలియదు. రాశాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు, ఒక్క మాట కూడా అందించలేదు.

"మీరు ఇంట్లో ఉన్నా ఆ రోజు నేను పడేదాన్నే. మీ తప్పు లేదు" అంది ఆ ముక్కుగొంతు.

మా ఆయన నా ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడలేదు నేను. పనిచేసే చేత్తో ఆయన జుట్టు నిమిరాను.

సోమవారం డిపోకి వెళ్ళాడు, డ్యూటీ ఎప్పటినుంచో అడగడానికి. ఆయా కుదిరాక మొదటిరోజు, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"సాయంత్రం ట్రాఫిక్‌లో ఆలస్యమైతే కంగారు పడకు" అన్నాడు.

నేను టైపు చేస్తుంటే, చెప్పులు వేసుకోకుండా నిలబడి చూశాడు.

"కంగారు పడతాను" అంది లాప్‌టాప్.

ఆయన నవ్వి, చెప్పులు వేసుకుని బయల్దేరాడు.