గుమ్మం దగ్గరి ఫోటో

మనీలాలో జూదశాలల మీద అదుపు కోసం సర్కారు పెట్టిన మండలికి ఫెలిసా తుమాంగ్ అధ్యక్షురాలు. ఆరేళ్ళుగా ఆ కుర్చీ ఆమెదే. బయటి జనం ఆమెను తిట్టుకునేది లైసెన్సుల గురించి. ఆఫీసులో గుమస్తాలు తిట్టుకునేది ఫోటోల గురించి. ఇంట్లోవాళ్ళు అర్జీ పెడితే ఆ మనిషిని ఏ క్యాసినోలోకీ రానివ్వకుండా ఆరు నెలలో, ఏడాదో, మూడేళ్ళో ఆపిస్తారు. అర్జీతోపాటు ఇచ్చిన ఫోటో ప్రతి గుమ్మం దగ్గరా కాపలావాడి ట్యాబ్‌లో ఉంటుంది. భార్యలూ తల్లులూ తెచ్చేవి మాత్రం పెళ్ళి ఫోటోలు, డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు ఫోటోలు. ఫెలిసా వాటిని మొహమాటం లేకుండా తిప్పి పంపేది.

"మూడు నెలల్లోపు తీసింది తెమ్మనండి. వాడికి మనం సంబంధం చూడ్డం లేదు," అనేది.

మార్చి నెలలో ఆమె మరదలు మెర్లీ అలాంటి అర్జీయే పట్టుకుని వచ్చింది. ఆపించాల్సింది ఫెలిసా తమ్ముడు దోమెంగ్‌ని.

దోమెంగ్ ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్న. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అన్నం తినిపించిందీ, తలలో పేలు తీసిందీ, చర్చి పాటల బృందంలో చేర్పించి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పంపిందీ ఫెలిసాయే. అంత గొంతున్నవాడు పేకబల్ల ముందు కూర్చుని పాట కూడా మరిచిపోయాడు.

"డాక్టరు గట్టిగా చెప్పాడు వదినా," అంది మెర్లీ. "ఇంకోసారి నిద్రా తిండీ మానేసి కూర్చుంటే గుండె తట్టుకోదన్నాడు. నా మాట చెవిన పెట్టడు. మీరే ఆపించాలి."

"వాడు నా తమ్ముడు, నేను సంతకం పెట్టకూడదు. ఉపాధ్యక్షులు లాగ్మాన్ గారు పెడతారు. కాయితాలు నాకియ్యి, నేనే అందిస్తాను."

మెర్లీ వెళ్ళాక ఫైలు తెరిచింది. ఫోటో కిందటి వారం ఫోన్లో తీసింది. చెంపలు లోపలికి పోయాయి, గడ్డం మాసింది, ముందుపన్ను ఒకటి లేదు. కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియడం లేదు. పక్కింటివాడిదైతే ఈ ఫోటోకి ఫెలిసా ఎంతో సంతోషించేది. కానీ ఈ మొహాన్ని ఊళ్ళో ఉన్న గుమ్మాలన్నిటి దగ్గరా పెట్టడమా? వచ్చేపోయే కాపలావాళ్ళు చూసి నవ్వుకోవడమా? ఆమెకు చేతులు రాలేదు. సిగ్గనండి, ప్రేమనండి, ఏదైనా ఒకటే. కూతురి బాప్తిస్మం రోజున తెల్ల బరోంగ్ చొక్కా తొడుక్కుని పకపకా నవ్వుతున్న దోమెంగ్ ఫోటో ఒకటి ఆమె దగ్గర ఉంది. ఏడేళ్ళ కిందటిది. అది ఫైల్లో పెట్టి, మెర్లీ తెచ్చింది తీసేసింది.

గుమస్తా చూశాడు. ఇంకెవరి ఫైలైనా మొహాన కొట్టేవాడే. అధ్యక్షురాలి ఇంటి వ్యవహారం, మనకెందుకులే అని ఊరుకున్నాడు. లాగ్మాన్ కూడా అదే అనుకుని కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. మర్యాద అనే జబ్బు ఆ ఆఫీసులో అందరికీ ఉంది.

మే నెలలో దోమెంగ్ సముద్రం పక్కనున్న ఒక క్యాసినోలోకి దర్జాగా నడిచి వెళ్ళాడు. మందులు ఇంట్లోనే వదిలేశాడు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున బల్ల మీదే తల వాల్చాడు. నిద్రపోయాడనుకుని కాసేపు ఎవరూ లేపలేదట.

పోయినవాళ్ళ కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిశాయి. క్యాసినోవాళ్ళు తప్పంతా కాపలావాడి మీదికి తోసి ఉద్యోగం పీకేశారు. అతని లైసెన్సు కూడా రద్దు చేయమని మండలికి రాశారు. అతని పేరు రొడెల్. ఒకప్పటి సిపాయి, యాభై దాటినవాడు. లైసెన్సు పోతే ఇంక ఏ గుమ్మం దగ్గరా నిలబడనివ్వరు.

"ఇది మీ ఇంటి విషయం కదా మేడమ్, మీరు రానక్కర్లేదు. పది నిమిషాల్లో తేల్చేస్తాం," అన్నాడు లాగ్మాన్. ఫెలిసా నల్లబట్టలతో విచారణకి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది.

"ట్యాబ్‌లో చూడలేదా నువ్వు?" అడిగాడు లాగ్మాన్.

"చూశాను సార్, ఆయన పక్కనే నిలబడి చూశాను. మనిషికీ ఫోటోకీ పోలికే లేదు. కుర్రాళ్ళని తప్ప వయసు మళ్ళినవాళ్ళని మేం గుర్తింపు కార్డు అడగం."

"ఆయనేమన్నాడు?"

రొడెల్ తల దించుకున్నాడు. "ఆయన కూడా తొంగి చూశారు సార్. 'ఎవరోగానీ భలే ఉన్నాడు, ఇతన్నెందుకు ఆపుతున్నారు పాపం' అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. లోపలికి వెళ్ళారు."

ఇప్పుడు ఫెలిసా నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. గుమస్తా చెప్పడు, లాగ్మాన్ అడగడు. ఎదురుగా ఉన్న ఈ మనిషి మాత్రం చేయని తప్పుకి రోడ్డున పడతాడు. ఆమె లేచింది.

"ఆ ఫోటో పెట్టింది నేను. సరైనది మా మరదలు తెచ్చింది. నేనే మార్చాను."

"కూర్చోండి మేడమ్. ఇదంతా రికార్డవుతోంది."

"అవనివ్వండి. ఇతని తప్పేం లేదని రాసుకోండి."

రొడెల్ లైసెన్సు నిలబడింది. అతను వెళ్తూ ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకోవడానికి ఆమెకు ప్రాణం చచ్చిపోయింది. రాజీనామా రాసి బల్ల మీద పెట్టి, పేపర్లవాళ్ళు చెప్పేలోపు తనే చెప్పాలని తిన్నగా మెర్లీ ఇంటికి వెళ్ళింది.

మెర్లీ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఫెలిసా గేటు బయటే నిలబడి అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. మెర్లీ చేతిలోని తడిబట్ట నేల మీదికి కారుతూనే ఉంది.

"ఆ ఫోటో తియ్యడానికి ఎంత బతిమాలానో తెలుసా వదినా," అంది చివరికి. "కదలకుండా కూర్చోడు. 'నేను బాలేను, వద్దు' అంటాడు. 'మీ అక్క అడిగింది' అని చెప్తే అప్పుడు కూర్చున్నాడు."

ఫెలిసాకి ఏడుపు ఆగలేదు. మెర్లీ ఏడవలేదు. బట్టను పిండి తీగ మీద వేసింది, ముడతలు సరిచేసింది.

"నలభయ్యో రోజు ప్రార్థనకి రాకండి," అంది. "మిమ్మల్ని నేను చూడలేను. పిల్ల దగ్గరికి కూడా రావద్దు."

ఫెలిసా గేటు ఊచ పట్టుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళు మెర్లీ?" అని అడిగింది.

మెర్లీ ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.