గుల్ల దూలాల కింద

ఎహసాన్ పడటం అందరూ చూశారు. అరబ్బు దేశంలో, బహ్లా కోటగోడ లోపలి పాత బజారు, వీధి పొడుగునా కప్పు. ఆ కప్పు మీద మట్టి పరుస్తుంటే ఖర్జూరపు దూలం విరిగి, మనిషి మసాలా దుకాణం ముందు పడ్డాడు. నడుము విరిగింది. ఫోర్‌మన్ గంగాప్రసాద్ మాత్రం "వాడే చూసుకోలేదు" అని కంపెనీకి చెప్పి చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున అదే నిచ్చెన వేశారు. కింద ముప్పై మంది కూలీలు. వాళ్లలో ఓంకార్ ఒకడు.

లచ్చన్న ముందుకొచ్చాడు. ఊళ్లో మోకు కట్టి కల్లు గీసినవాడు. సుత్తి కామతో దూలాన్ని కొట్టి చూశాడు.

"సార్, ఇరవయ్యేండ్లు తాళ్లెక్కిన. సప్పుడు ఇంటే తెలుస్తది. దూలాలు గుల్లయినయి. కింద ఊతంగ మోపులు పెట్టియ్యుండ్రి, ఎక్కుతం."

"నువ్వేమన్న ఇంజనీరువా? నేను గూడ మెట్‌పల్లోన్నే, నీ మంచికే చెప్తున్న. ఎక్కు," అన్నాడు గంగాప్రసాద్.

"ఎక్క."

గంటలో కంపెనీ వ్యాను వచ్చింది. పాస్‌పోర్టులన్నీ రూవి పట్నంలోని కంపెనీ ఆఫీసులోనే ఉంటాయి. లచ్చన్నను అక్కడికే తీసుకుపోయారు, ఇంటికి పంపెయ్యడానికి. సిగ్గుపడాల్సిన మాటే అయినా దాచను: ఒక్కరూ వ్యానుకు అడ్డం పోలేదు. ఓంకార్ తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఓంకార్, నువ్వు సన్నగున్నవ్. ఎక్కు."

ఎక్కాడు. పైమెట్టు మీద ఆగి, లచ్చన్న కొట్టినట్టే దూలాన్ని కొట్టాడు. బోలుగా మోగింది. చెదపొడి రాలి కళ్లల్లో పడింది. ఎహసాన్ కేక మళ్లీ చెవుల్లో వినిపించింది. దిగొచ్చాడు.

"నాకు భయమైతాంది సార్. నేనెక్క."

నిన్నటి నుంచి అందరి గొంతులోనూ అడ్డం పడి ఉన్న మాట అది. కడప ఓబయ్య తల మీది తట్ట కింద పడేశాడు.

"నాకూ భయమేనప్పా."

"నాగ్గూడ!"

"అందర్నీ ఇంటికి పంపిస్త, ఏమనుకుంటున్నర్రా!"

"పంపప్పా," అన్నాడు ఓబయ్య వీధిలోనే చతికిలబడి. "ముందు లచ్చన్నను తెచ్చి మాకు చూపీ. దూలాల కింద మోపులు పెట్టీ. అంతదాంక లేసేది లేదు."

మిగతావాళ్లూ వీధికి అడ్డంగా కూర్చున్నారు. మసాలా దుకాణం ముసలాయన తన బస్తాలు లోపలికి జరిపి చోటిచ్చాడు.

బజారు మొగదల పోలీసు జీపు ఆగింది. బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. భయం పోలేదు, పోతుందని ఎవరూ అనుకోలేదు కూడా. ఓంకార్ ఓబయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఓబయ్య పక్కవాడి చెయ్యి అందుకున్నాడు.

కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేవలేదు.