చినల్లుడి బండి తాళం

రత్తయ్యగారి చిన్నమ్మాయి సింధూరికి పెళ్ళి కాకముందు, కంకిపాడులోని ఆ ఇంటికి కిరీటి ఒక్కడే అల్లుడు. ఆ రోజులు వేరు. భార్య ఉషశ్రీని పాత బండి మీద ఎక్కించుకుని పటమట నుంచి ఇతగాడు వస్తున్నాడంటే మావగారు వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. కోడికూరలో తొడ ముక్క అడక్కుండానే విస్తట్లో పడేది. చెరుకు ఎప్పుడు నరికించాలి, ఉయ్యూరు ఫ్యాక్టరీకి ఎప్పుడు తోలాలి అన్నది కూడా ఆయన అల్లుణ్ణి ఓ మాట అడిగే చేసేవాడు. టైల్స్ షాపులో పనిచేసే కిరీటికి చెరుకు గురించి ఏం తెలుసంటారా? తెలియక్కర్లేదు. అడగటంలోనే ఉంది మర్యాదంతా.

తర్వాత సిద్ధార్థ వచ్చాడు. బ్యాంకు ఉద్యోగం, మెత్తటి మాట. పైగా మంచివాడు. కిరీటి క్షమించలేకపోయింది ఆ ఒక్కదాన్నే. వెధవైతే తిట్టుకోడానికైనా వీలుండేది. తోడల్లుణ్ణి "అన్నయ్యగారూ" అని నోరారా పిలిచేవాణ్ణి పట్టుకుని ఏమని తిడతాం? కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు తొడ ముక్క అటు జరిగింది. దాని వెనకే చెరుకు సలహాలూ జరిగాయి.

ఇప్పుడా సిద్ధార్థ కొత్త మోటార్ సైకిల్ కొన్నాడు. నల్లగా నిగనిగలాడుతూ వాకిట్లో నిలబడితే ఇల్లంతా దాని చుట్టూ చేరింది. కిరీటి మాత్రం మామిడి చెట్టు కింద నిలబడి, ఫోన్లో ఏదో ముఖ్యమైనది చూస్తున్నట్టు నటించాడు. కళ్ళు ఫోన్లో, కడుపుమంట బండి మీద.

ఆ రోజు ఉయ్యూరులో దగ్గర చుట్టాల పెళ్ళి. బయల్దేరే ముందే పూజ కానిచ్చేద్దామని అత్తగారు రామతులసి పళ్ళెంతో వచ్చింది. ఆవిడ ఏ పనైనా చెయ్యి ఆపి చెయ్యదు. తడి పసుపు ముద్ద తీసుకుని లైటుకి రాసింది, ట్యాంకుకి రాసింది. చివరికి హ్యాండిల్ మధ్యలో తాళం పెట్టే కన్నం దగ్గరికొచ్చి, "బండికి ఇదే కదర్రా మొహం!" అంటూ దానిమీద నిండుగా మెత్తి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు కూడా అద్దింది.

కిరీటి చూశాడు. ఆ కన్నంలో చెత్త పడితే ఏమవుతుందో అతనికి తెలిసినంతగా ఆ వాకిట్లో ఎవరికీ తెలియదు. వానలో బురద దూరి సొంత బండి స్టీరింగ్ లాక్ బిగుసుకుపోతే, మొండిగా తిప్పి తాళంచెవి లోపలే విరగ్గొట్టుకున్న మనిషి. "అక్కడొద్దండీ అత్తయ్యగారూ" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే మావగారు అందుకున్నాడు. "చినల్లుడూ, ఇవాళ నీ వెనకాలే ఎక్కుతానయ్యా. పెద్దల్లుడి బండెక్కితే దిగేసరికి నడుం ఉందో లేదో తడిమి చూసుకోవాల్సొస్తోంది."

అందరూ నవ్వారు. ఉషశ్రీ కూడా నవ్వింది. కిరీటి నాలిక చివరి మాట కాస్తా మళ్ళీ కడుపులోకి వెళ్ళిపోయింది.

ఉయ్యూరు చేరేసరికి ఎండకి పసుపు గట్టిపడింది. ఫంక్షన్ హాలు లోపల చోటు లేక బళ్ళన్నీ రోడ్డు వారన పెడుతున్నారు. సిద్ధార్థ హ్యాండిల్ ఎడమవైపుకి పూర్తిగా తిప్పి, తాళంచెవి నొక్కి తిప్పబోయాడు. సగం తిరిగి ఆగింది. మళ్ళీ నొక్కాడు. అంతే.

"అన్నయ్యగారూ, లాక్ పడిందంటారా? కీ పూర్తిగా తిరగట్లేదండీ."

కిరీటి వచ్చి తాళంచెవి పట్టుకున్నాడు. చేతికి తెలిసిపోయింది. లోపలి నాలుక బయటికి రాలేదు. హ్యాండిల్ని ఒక్క తోపు తోస్తే చాలు, గేదె తలకాయలా ఎటంటే అటు తిరుగుతుంది. పెళ్ళిళ్ళ దగ్గర బళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళు చేసే మొదటి పని ఆ తోపే. నాలుగు బళ్ళకి చెయ్యేసి చూస్తారు, తిరిగినదాన్ని నడిపించుకుపోతారు.

"పడిందిలే" అన్నాడు కిరీటి, తాళంచెవి వెనక్కి తిప్పి లాగి అతని చేతికిస్తూ. "కొత్త బండి కదా, బిగుతుగానే ఉంటుంది."

బండి పోవాలని కోరుకున్నాడా? అంత మాట తనలో తను కూడా అనుకోలేదు. పోతే ఎలా ఉంటుందో మాత్రం కళ్ళముందు కనబడింది. మావగారు మళ్ళీ తన భుజం పట్టుకుని తన వెనకాలే ఎక్కడం కనబడింది. అది బాగుంది కూడా.

భోజనాల బంతిలో మావగారికి అటు సిద్ధార్థ, ఇటు కిరీటి కూర్చున్నారు. ఆయన ఎదురుగా వడ్డిస్తున్నవాళ్ళని కూడా వదలకుండా, కొత్త బండెక్కితే కుర్చీలో కూర్చున్నట్టే ఉందని చెప్పాడు. కిరీటి బూరె చిదిమి, నెయ్యి వేయించుకుని, తినడం మర్చిపోయాడు. ఇంతలో సిద్ధార్థ సగం లేచాడు.

"బండి ఓసారి చూసొస్తానండీ మావయ్యగారూ. ఆ లాక్ ఎందుకో..."

"కూర్చోవయ్యా" అన్నాడు రత్తయ్య. "పెద్దల్లుడు చూశాడుగా. అతను చూశాడంటే ఇంక తిరుగులేదు. బండి విషయంలో అతని తర్వాతే ఎవరైనా."

ఇలాంటి మాట కోసం కిరీటి ఎన్నాళ్ళ నుంచో మొహం వాచి ఉన్నాడు. వచ్చింది, రాకూడని చోట వచ్చింది. ఎంగిలి చేత్తోనే లేచాడు. "విస్తరి ముందు నుంచి లేస్తారా ఎవరైనా!" అని ఎవరో అంటున్నా ఆగలేదు.

బండి పెట్టిన చోట లేదు. రోడ్డు మలుపులో, తెల్లచొక్కా కుర్రాడొకడు పెట్రోలు అయిపోయినవాడిలా తాపీగా దాన్ని తోసుకుపోతున్నాడు.

"రేయ్! ఆగరా!"

కూర అంటుకున్న చెయ్యి గాల్లో ఊపుతూ కిరీటి పరిగెత్తాడు. వాడు వెనక్కి చూసి, బండిని వదిలేసి, ముందు ఆగి ఉన్న తోడుదొంగ బండెక్కి ఉడాయించాడు. కొత్త బండి దభీమని పడింది. లేపి చూస్తే ట్యాంకు మీద జానెడు గీత. ఆ గీత చూడగానే ముందు కిరీటి కడుపు చల్లబడింది. చల్లబడిందని తెలిశాక తనమీద తనకే రోత పుట్టింది.

ఈలోపు జనం చేరారు. మావగారు కిరీటిని కౌగిలించుకున్నంత పని చేశాడు. "చూశారా మా పెద్దల్లుణ్ణి! అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తాడు!" తర్వాత తాళం కన్నంలో పసుపు చూసి భార్య మీదకి తిరిగాడు. "నీ భక్తి తగలెయ్య! బండి మొహమంట, మొహం!"

రామతులసి మొహం చిన్నబోయింది. "నాకేం తెలుసండీ. పక్కనే అంతమంది ఉన్నారు, ఒక్కరు వద్దన్నారా?"

కిరీటి తల ఎత్తలేదు. చెయ్యి తుడుచుకుని తాళం పనిలో పడ్డాడు. తన బండి డబ్బాలో ఉన్న నూనె స్ప్రే తెచ్చి కన్నంలో కొట్టాడు. కాసేపు నాననిచ్చి, తాళంచెవి పెడుతూ, పచ్చగా వచ్చిన దాన్ని గుడ్డతో తుడుస్తూ, మళ్ళీ పెడుతూ బలం చెయ్యకుండా ఆడించాడు. ఒక బియ్యపు గింజ బయటపడింది. హ్యాండిల్ని ఎడమవైపు చివర పట్టి పిసరంత కదుపుతూ నొక్కి తిప్పితే, లోపల నాలుక టక్కున పడింది.

జనం పలచబడ్డారు. తోడల్లుళ్ళిద్దరే మిగిలారు. తాళంచెవి సిద్ధార్థ చేతిలో పెట్టి, "హ్యాండిల్ తిప్పి చూసుకో" అన్నాడు కిరీటి.

"మీరు చూశారుగా అన్నయ్యగారూ."

"ఇందాక కూడా నేనే చూశాను."

ఆ మాటకి అర్థం పట్టుకుంటాడేమోనని కిరీటి భయపడ్డాడు. పట్టుకుంటే బాగుండుననీ అనిపించింది.

సిద్ధార్థ నవ్వాడు. "ఇందాకే తిప్పి చూద్దామనుకున్నానండీ. మీరు పడిందన్నాక మళ్ళీ నేను తిప్పితే, మిమ్మల్ని నమ్మనట్టు ఉంటుంది కదా. బాగోదని ఊరుకున్నా."

తాళంచెవి జేబులో వేసుకుని, "రండి, మీ భోజనం మధ్యలో ఆగిపోయింది" అంటూ లోపలికి నడిచాడు. హ్యాండిల్ని వేలితో కూడా తాకలేదు.

కిరీటి అక్కడే నిలబడిపోయాడు. తనయితే తిప్పి చూసేవాడు. తోడబుట్టినవాడు చెప్పినా ఒకటికి రెండుసార్లు తిప్పి చూసేవాడు. ఒక మనిషిని అంత నిశ్చింతగా నమ్మడం ఈ జన్మకి తనవల్ల కాదని తెలిసి, సిద్ధార్థ మీద మళ్ళీ కుళ్ళు పుట్టింది. బండి మీద పుట్టినదానికంటే ఇదే ఎక్కువ మండింది.