సిలిండర్ వెనక వెచ్చని చోటు

ఇంగ్లండు కొసన ఉన్న కార్న్‌వాల్ కొండల మీద సముద్రపు గాలి ఎముకలు కొరికేస్తుంది. ఆ గాలిలో రాగి గని దగ్గర ఆరుబయట కూర్చుని సుత్తితో రాగిరాయి పగలగొట్టడం లవ్‌డే పని. సాయంత్రానికి వేళ్లు కొయ్యబారిపోయేవి. పని దిగగానే, మొగుడు డిగొరీ నడిపే ఆవిరి ఇంజను దగ్గరికి వెళ్లి, సిలిండర్ వెనక ఇరుకులో దూరి, వేడి ఇనుముకు చేతులు కాచుకునేది. పెళ్లయిన నాటి నుంచీ అదే అలవాటు.

"నాకోసం వస్తావా, దీనికోసమా?" అని ఉడికించేవాడు డిగొరీ.

"నీకంటే ఇదే నయమయ్యా. వెచ్చగా ఉంటుంది, మాట్లాడదు."

గని అడుగున ఊరే నీటిని తోడేది ఆ ఇంజనే. తిండి మాత్రం రాక్షసి తిండి. బొగ్గేమో వేల్స్ నుంచి ఓడలో రావాలి. ఆ ఏడు చుట్టుపక్కల గనుల్లో సిలిండర్ల చుట్టూ చెక్క పలకలు బిగించి, సందుల్లో రంపపు పొట్టు కూరారు. వేడి బయటికి పోక బోలెడు బొగ్గు మిగులుతోంది. గని పెద్ద కెప్టెన్ నాన్కివెల్ కూడా పలకలు తెప్పించాడు. డిగొరీ బిగించాడు. అయినా బొగ్గు ఎప్పటిలాగే తరిగిపోతోంది.

"అందరికీ పనిచేసింది, మనకేం రోగమయ్యా?" అని కెప్టెన్ ఓ సాయంత్రం మొత్తుకున్నాడు. "శనివారం దాకా చూస్తారట వాటాదారులు. తగ్గకపోతే ఇంజను ఆపేస్తారు. గని మునిగిందంటే మనందరం మూటాముల్లే సర్దుకోవాల్సిందే!"

డిగొరీ తల దించుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ లవ్‌డే అంతా విన్నది.

కెప్టెన్ వెళ్లాక ఆమె సిలిండర్ వెనక్కి వెళ్లి చేతులు చాచింది. వెచ్చగానే ఉంది. ఎప్పుడూ ఉండే వేడే కాబట్టి ఇన్నాళ్లూ ఆలోచించలేదు గానీ, ఇప్పుడు వంగి చూసింది. ముందువైపంతా పలకలున్నాయి. గోడ వైపు, కెప్టెన్ పొట్ట పట్టని ఇరుకులో, ఇనుము బోసిగా ఉంది.

"ఏమయ్యా, పలకలు చాల్లేదా?"

"చాలాయి." మూలన పడేసిన పలకలు చూపించాడు డిగొరీ. "నీ చేతులెక్కడ కాచుకుంటావే మరి? బాయిలర్ దగ్గరికి ఆడవాళ్లని రానివ్వరాయె."

లవ్‌డేకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ మనిషి మీద ఇంత ప్రేమ తనలో ఉందని ఆమెకే తెలీదు. "నా వేళ్లకోసం ఊరందరి నోటి దగ్గర కూడు తీసేస్తావా, పిచ్చి మనిషీ! పట్టు ఆ పలక."

అతను మేకులు కొడుతుంటే ఆమె పొట్టు కూరింది. ఆఖరి పలక బిగించే ముందు ఒక్క క్షణం ఆ ఇనుముకు చేతులు కాచుకుని, పక్కకు తప్పుకుంది.

శనివారం కెప్టెన్ మిగిలిన బొగ్గు కుప్ప చూసి మురిసిపోయాడు. "ఏం చేశావయ్యా?"

"ఓ పక్క పలకలు వేయడం కాస్త ఉండిపోయిందండి" అన్నాడు డిగొరీ.

ఆ సాయంత్రం లవ్‌డే అలవాటు కొద్దీ వెనక్కి వెళ్లి పలక మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. తనే కోరి కూరిన పొట్టు, అయినా మనసు చివుక్కుమంది. డిగొరీ వెనకాలే వచ్చి, చొక్కా గుండీలు విప్పి, ఆమె రెండు చేతులూ లాగి తన గుండెకు హత్తుకున్నాడు.

"అమ్మో! మంచుగడ్డలే!" అని ఎగిరిపడ్డాడు.

"ఇది మాట్లాడుతుందే!" అంది లవ్‌డే. చేతులు మాత్రం తీయలేదు.