సైతానుగాడి మొహం తుడిచేదెవరు

ఆ ఇంట్లో ఏ తప్పు జరిగినా దోషి ఒక్కడే. వాడు కింది పనిగదిలో, చేతులు కడుక్కునే సింకు పైన, మేకుకు వేలాడుతుంటాడు. కర్రతో చెక్కి ఎర్రరంగు పూసిన మొహం, వంగిపోయిన ఒక కొమ్ము, చెవుల దాకా సాగిన నవ్వు. ఎప్పుడో మామగారు తొలిసారి చేసిన సైతాను బొమ్మ. ఆటకు పనికిరాకుండా పోయాక ఇంటికి పనికొచ్చింది.

కొత్త కోడలు కాపురానికొచ్చిన మొదటి వారంలోనే టీ కెటిల్ మూత చేజార్చి పగలగొట్టింది. ఇక తన పని అయిపోయిందని బిక్కమొహం వేసుకుని నిలబడితే, అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "సైతానుగాడు చేశాడులే" అన్నారు. మామగారు బల్ల దగ్గర్నుంచే, "వాడికి ఈమధ్య బాగా కొవ్వెక్కింది" అన్నారు. వదిన, మొగుడి అక్క, లేచి వచ్చి సుద్దముక్కతో బొమ్మ బుగ్గ మీద ఒక గీత గీసింది. అందరూ నవ్వారు. అంతే! ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే బొమ్మ బుగ్గ మీద గీత లేదు. అత్తగారి శుభ్రం అలాంటిది అనుకుంది కొత్త కోడలు. అసలు ఇలాంటి ఇల్లు లోకంలో ఇంకొకటి ఉంటుందా అని ఆ రోజంతా మురిసిపోయింది.

ఆ రోజుల్లో ఆమెకు మురిసిపోవడానికి కారణం అక్కర్లేదు. ఒకే కప్పులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తే చాలు, పెదాల మీదికి నవ్వొచ్చేది. పనిగది కిటికీ తెరవగానే చిత్రిక పొట్టు ఎండలో మెరిసేది. మొగుడు తలుపు నునుపు చేసి వచ్చాడంటే కనురెప్పల మీద కూడా కర్రపొడి ఉండేది. అది ఊదడానికి దగ్గరికి వెళ్ళేది, ఊదకుండా చూస్తూ నిలబడేది. "ఏమోయ్, ఊదుతావా, నన్నిలా కళ్ళు మూసుకునే ఉండమంటావా?" అనేవాడు అతను. వదిన గొంతు సవరించుకుని, "మేమంతా ఇక్కడే ఉన్నాం నాయనా" అనేది.

వాళ్ళ వృత్తి బొమ్మలాట. చేతికి తొడుక్కునే బొమ్మలు వాళ్ళే చేసి, వాళ్ళే కుట్టి, బడులకు తీసుకెళ్ళి ఆడించేవాళ్ళు. తలలు మామగారు కాగితం గుజ్జుతో పోసేవారు. బట్టలు అత్తగారు కుట్టేవారు. పెట్టెలూ తెరలూ మొగుడి పని. మొహాలు వేయడం మాత్రం వదినది. ఆమె వేసిన కళ్ళు, గదిలో ఎటు పోయినా మనవైపే చూస్తాయని బళ్ళలో పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అయితే కిందటేడు వదినకు పెద్ద జబ్బు చేసింది. లేచాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఏడాదిపాటు కుంచె పట్టనివ్వకుండా, బొమ్మలకు జుట్టు అంటించే పని ఇచ్చి కూర్చోబెట్టారు. ఆమె ఏమీ అనేది కాదు. తీరిక దొరికినప్పుడల్లా పాత కాగితాల మీద కళ్ళు వేసుకుంటూ ఉండేది, కళ్ళు మాత్రమే. ఈ నెలలో చెయ్యి నిలకడగా ఉందనిపించాక మామగారు దేవుడి తల ఆమె ముందు పెట్టి, "ఇది వెయ్యమ్మా. కుదిరిందా, కుంచెలన్నీ మళ్ళీ నీవే" అన్నారు. కుదరకపోతే ఏమిటో ఆయనా చెప్పలేదు, ఆమే అడగలేదు.

ఆ దేవుడు ఒక కొత్త ఆట కోసం. బడి పెద్ద టీచరమ్మ పట్టుబట్టి అడిగిందట. పిల్లలంతా ఒకటే ప్రశ్న వేస్తున్నారు, దేవుడు మంచివాడైతే సైతానును ఎందుకు ఉండనిచ్చాడు అని. నాకు చెప్పడం చేతకావడం లేదు, మీ బొమ్మలతో చెప్పించండి అంది. మామగారు ఆటంతా రాశారు. చివర్లో చిన్నపిల్ల బొమ్మ దేవుణ్ణి ఆ ప్రశ్న అడుగుతుంది. అక్కడికొచ్చి కలం ఆగిపోయింది.

ఆ పొద్దున టీలు తాగుతూ అందరినీ అడిగారు.

"ఆయనకీ తీరిక లేకపోయి ఉంటుంది నాన్నా. మన పైకప్పు చిల్లులాగా, రేపు చూద్దాంలే అని వదిలేసి ఉంటాడు" అన్నాడు మొగుడు.

"నన్ను తెచ్చి మీ నాన్నకు ఎందుకు కట్టబెట్టాడో అది చెప్పమను ముందు. తర్వాత సైతాను సంగతి" అన్నారు అత్తగారు.

"నన్నడక్కండి" అంది వదిన. "మంచంలో ఉన్నన్నాళ్ళూ నేనూ అడిగాను. పలకలేదు."

ఒక్క క్షణం ఎవరికీ ఏమనాలో తోచలేదు. కొత్త కోడలికి అలాంటి క్షణాలు ఇష్టం ఉండవు. పైగా ఈ విషయం మీద కాలేజీలో వ్యాసం రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. "ఇందులో ఏముంది మామయ్యా! కూరలో ఉప్పులాంటివాడు సైతాను. వాడు లేకపోతే లోకమంతా చప్పగా ఉండదూ? మంచి మంచిదని మనకెలా తెలుస్తుంది?" అంది.

"అబ్బో, చదువుకున్న కోడలు!" అన్నారు మామగారు. నచ్చింది. అప్పటికప్పుడే రాసుకున్నారు. వదిన కప్పులో మిగిలిన టీ వైపు చూస్తూ కూర్చుంది. కొత్త కోడలు అది గమనించలేదు.

భోజనాల వేళకి అందరూ పైకి వెళ్ళారు. మొగుడు బడిలో పెట్టెలు దింపడానికి వెళ్ళాడు, రావడానికి ఇంకా టైముంది. మామగారు మరిచిపోయిన కళ్ళద్దాలు తేవడానికి కొత్త కోడలు కిందికి దిగింది. కిటికీ పక్కన కర్ర గూటం మీద దేవుడున్నాడు. అప్పుడే పూర్తయిన మొహం, పైన వార్నిషు తడిగా మెరుస్తోంది. ఆ కళ్ళు! కాస్త అలసటగా, కాస్త నవ్వుతాలుగా, ఇంట్లో పెద్దవాళ్ళు మన అల్లరి చూసీ చూడనట్టు ఉంటారే, అలా ఉన్నాయి.

పనిగదికి ఉన్న నియమం ఒక్కటే. తడి మొహం ముట్టుకోకూడదు. మొదటి రోజే మామగారు నవ్వకుండా చెప్పిన మాట అదొక్కటి.

ముట్టుకోనుగా, చేతికి తొడుక్కుంటానంతే అనుకుంది. తొడుక్కుని, మొహాలు సరిచూసుకునే పెద్ద అద్దం ముందు నిలబడి, గొంతు బొంగురు చేసి, "ఓరీ భక్తా! నీ భార్య ఒంటరిగా ఉంది. పెట్టెలు అక్కడ పడేసి పరుగెత్తుకురా!" అంది. తనకు తనే నవ్వుకుంది. మొగుడొచ్చాక ఇది చేసి చూపించాలనుకుంది. ఇంతలో పైనుంచి అత్తగారు, "కళ్ళద్దాలు దొరికాయా అమ్మాయ్?" అని కేకేశారు. ఉలిక్కిపడి బొమ్మను గబుక్కున లాగింది. గూటానికి తగిలించి చూస్తే, దేవుడి ఎడమకన్ను చెంప మీదికి కారినట్టు సాగిపోయి ఉంది. తన బొటనవేలి మీద నల్లగా ఆ కన్ను.

సబ్బుతో కడుక్కుంది. చెబుదాం, భోజనాలు కానివ్వు అనుకుంది. భోజనాలయ్యాయి. ఒక్కర్నే పక్కకు పిలిచి చెబుదాం అనుకుంది. ఎవర్నని? తేల్చుకునేలోపే అందరూ కలిసి కిందికి దిగారు. మొగుడు కూడా వచ్చేశాడు.

మామగారు గూటం దగ్గర ఆగిపోయారు. చాలాసేపు కన్ను వైపు చూశారు. తర్వాత తల తిప్పి వదిన చెయ్యి వైపు చూశారు.

"వేసినప్పుడు బాగానే ఉంది నాన్నా..." అంది వదిన. "చివర్లో రెప్ప దిద్దాను. అప్పుడు గానీ..." తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

కొత్త కోడలు నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది. కానీ అందరి కళ్ళూ తనవైపు తిరిగేసరికి నోట్లోంచి ఇంకో మాట ఊడిపడింది. "సైతానుగాడు చేశాడు మామయ్యా!"

మామగారి మొహం మెత్తబడింది. దగ్గరికొచ్చి ఆమె తల మీద చెయ్యి వేశారు. "ఆడపడుచు తప్పును ఇలా కడుపులో పెట్టుకునే కోడలు ఎంతమందికి దొరుకుతుంది? నీది మంచి మనసమ్మా" అన్నారు. అత్తగారు కళ్ళు తుడుచుకుని, సుద్దముక్క తీసుకుని సైతాను బుగ్గ మీద గీత గీశారు. వదిన కొత్త కోడలి భుజం నొక్కింది, థాంక్స్ చెబుతున్నట్టు. మామగారు కుంచెల డబ్బా తీసి కొడుకు చేతిలో పెట్టి, "కన్ను చెరిపి నువ్వు వెయ్యిరా. ఎలా వస్తే అలా వస్తుంది" అన్నారు.

అలాంటప్పుడు మనిషికి నేల చీలిపోతే బాగుండునని ఉంటుంది. నేల చీలలేదు. ఆమె తల మీద మామగారి చెయ్యి వెచ్చగా ఉండిపోయింది, తీసేశాక కూడా. మధ్యాహ్నమంతా బొమ్మల చొక్కాలకు గుండీలు కుట్టింది. ప్రతి గుండీకీ బొటనవేలి గోరు కింద నల్లటి గీర కనిపించేది. మొగుడు పక్కనుంచి పోతూ, "మా అక్కను ఎంత బాగా కాచావోయ్" అని చెవిలో చెప్పాడు. అతని రెప్పల మీద కర్రపొడి ఉంది. ఆమె ఊదలేదు. అటువైపు చూడలేకపోయింది.

వదిన తన బల్ల మీది పాత కాగితాలన్నీ, కళ్ళు వేసుకున్న కాగితాలు, ఒక్కొక్కటే చించి చెత్తబుట్టలో వేస్తోంది. కోపంగా కాదు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళలా.

సాయంత్రం లైట్లు వేయబోయే ముందు కొత్త కోడలు సింకు దగ్గరికి వెళ్తే, అక్కడ వదిన తడిగుడ్డ పిండుతోంది. చెయ్యి బొమ్మ వైపు చాచింది.

"నువ్వెందుకు తుడుస్తున్నావు వదినా? అత్తయ్య తుడుస్తారుగా."

"అమ్మా? అమ్మెందుకు తుడుస్తుంది? చేసినవాళ్ళే తుడవాలి." వదిన ఆశ్చర్యంగా చూసింది. "మీ ఆయన ఇంకా చెప్పలేదా? పగలు అందరి ముందూ వాడి మీదికి నెట్టేస్తాం. మొహం చెల్లుతుంది. లైట్లు వేసేలోపు ఎవరిది వాళ్ళు వచ్చి తుడుచుకుపోతారు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. అప్పటికీ గీత ఉందంటే, ఎవరో ఇంకా వాడి వెనకే దాక్కున్నారని."

"మరి నా కెటిల్ మూత?"

"మీ ఆయన తుడిచాడు. పాలు పొంగిపోయినా, కత్తెర పోయినా, అన్నీ వాడే తుడిచాడు. దానికి తెలియదక్కా, నేర్చుకునేదాకా నావే అనుకుంటా, నేనే చెబుతాలే, నువ్వు చెప్పకు అన్నాడు. ఈ నెలలో వీడేంటి ఇన్ని తప్పులు చేస్తున్నాడని అమ్మ బెంగపెట్టుకుంది కూడా." వదిన నవ్వబోయి మానేసింది. "ఇది మాత్రం నాదేగా."

గుడ్డ సైతాను బుగ్గకు ఇంకాస్త దూరంలో ఉంది. వాడు చెవుల దాకా నవ్వుతున్నాడు, మధ్యాహ్నం నుంచీ నవ్వుతున్నట్టే.

"తుడవకు వదినా. అది నాది."

"చాల్లే. ఒకసారి కాచావు, చాలు."

"కాయలేదు. నేనే చేశాను. తొడుక్కుని ఆడాను. తీసేటప్పుడు నా బొటనవేలు తగిలింది." గోరు చూపించింది.

వదిన ఆ గోరు వైపు చూసింది. తర్వాత తన చెయ్యి ఎదురుగా చాచి చూసుకుంది. అప్పుడు వణికింది ఆ చెయ్యి, కోపంతో.

"మధ్యాహ్నం నుంచీ ఈ చేతిని ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా నీకు? నాన్న నిన్ను మెచ్చుకుంటుంటే, నీకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు. దణ్ణం!"

"వదినా..."

"నాతో కాదు. నాన్నతో చెప్పు. గుసగుసగా కాదు. నా కుంచెలు తీసుకున్నది అందరి ముందూ."

బల్ల దగ్గర ముగ్గురూ ఉన్నారు. మొగుడు కుంచె పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దేవుడి మొహంలోకి చూస్తున్నాడు. చెప్పింది. చెబుతున్నంతసేపూ కొత్త కోడలు ఎవరి మొహమూ చూడలేదు, జిగురుగిన్నె వైపే చూసింది. చివరికి, "నన్ను మెచ్చుకుంటుంటే ఊరుకున్నాను మామయ్యా" అంది.

మామగారు ఆమెను తిట్టలేదు. అసలు ఆమె వైపు చూడనే లేదు. కొడుకు చేతిలోంచి కుంచె తీసుకుని, కూతురు దగ్గరికి వెళ్ళి, అది చాచి నిలబడ్డారు. "కన్ను చూడగానే నీ చెయ్యి చూశానమ్మా" అన్నారు. "ఇంకెటూ చూడలేదు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంత పెద్దాయన తన మూలంగా అలా తలదించుకోవడం చూసి, తిట్టినా బాగుండేదనుకుంది కొత్త కోడలు.

వదిన కుంచె అందుకుంది.

మామగారు కాసేపటికి ఆట కాగితాలు ముందుకు లాక్కుని, పొడిగా, "ఆ ఉప్పు మాట ఉంచమంటావా?" అని అడిగారు.

"తీసేయండి మామయ్యా. దేవుడు వాణ్ణి ఎందుకు ఉంచాడో నాకేం తెలుసు? నాకెందుకు పనికొచ్చాడో చెప్పగలను, అంతే."

ఆయన ఆ వాక్యం కొట్టేశారు. దాని కింద ఏమీ రాయలేదు.

అత్తగారు తడిగుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ముందు వాడి సంగతి చూడు" అన్నారు. తుడిచింది. సుద్దగీత ఒక్క తుడుపుకే పోయింది. అంత తేలిగ్గా పోయే గీతను ఇన్నాళ్ళూ ఒక్కసారైనా తాను తుడవలేదు. మొగుడు దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఈసారి సాయం రాలేదు.

"ఇలా రా" అని పిలిచింది వదిన. చెరిపేసిన కన్ను చోట తెల్లగా ఉంది. "మెడ దగ్గర పట్టుకో. కదిలావంటే ఊరుకోను."

కొత్త కోడలు దేవుణ్ణి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కుంచె కొన దగ్గరికొచ్చింది, ఒకసారి ఆగింది, తర్వాత కదిలింది. గీత నిలకడగా వచ్చింది. కనుపాప, దాని పైన రెప్ప, రెప్ప కింద ఆ అలసట. కొద్దికొద్దిగా కన్ను తెరుచుకుని ఆమెవైపే చూడసాగింది. ఆమె తల వంచుకుంది.

"తలెత్తు" అంది వదిన, కుంచె ఆపకుండా. "నీడ పడుతోంది."